విక్టోరియా సరస్సు: చేప పెద్దదైంది, వాటా చిన్నదైంది

కెన్యాలో విక్టోరియా సరస్సు ఒడ్డునున్న కిసుము నగరంలో ఒబుంగా అనే బస్తీ ఉంది. అక్కడ రేకుల ఇళ్ల మధ్యే పెద్ద పెద్ద బాణళ్లలో నూనె కాగుతుంటుంది. వాటిలో వేగేవి చేప ముక్కలు కావు, చేపల అస్థిపంజరాలు. తల, వెన్నెముక, తోక, పక్కటెముకలకు అక్కడక్కడా అంటుకుని ఉన్న కాస్త కండ. నైలు పెర్చి అనే పెద్ద చేపను ఫ్యాక్టరీలో రెండు పక్కలా కోసుకోగా మిగిలేది ఇంతే. మ్గోంగో వాజీ అని పిలిచే ఈ ఎముకల గూళ్లను ఆడవాళ్లు బరువు లెక్కన కొనుక్కొచ్చి, ఎండబెట్టి, వేయించి, సంతలో అమ్ముకుంటారు. కండ మాత్రం ఐసులో సర్దుకుని విదేశాలకు వెళ్లిపోతుంది.

ధనిక దేశాలు కండ తిని పేదలకు ఎముకలు మిగిల్చాయని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ మాట దగ్గరే ఆగిపోతే అసలు సంగతి చేజారిపోతుంది. ఎముకలు కొనే ఆ ఆడవాళ్ల అమ్మలు, అమ్మమ్మలు కూడా చేపలే అమ్మేవారు. అప్పుడు ఏ చేప అమ్మేవారు, అది వాళ్ల గంపలోకి ఎలా వచ్చేది, అందులో వాళ్ల మాట ఎంతవరకు చెల్లేది? విక్టోరియా సరస్సు కథను అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

సరస్సు విస్తీర్ణం దాదాపు 68,800 చదరపు కిలోమీటర్లు. మంచినీటి సరస్సుల్లో ప్రపంచంలోనే రెండో పెద్దది. టాంజానియా, ఉగాండాలు చెరో సగానికి కాస్త అటూ ఇటూగా పంచుకోగా కెన్యాకు దక్కింది ఆరు శాతమే. కెన్యా తీరంలోని లువో ప్రజలు దీన్ని నామ్ లోల్వే అంటారు, ఉగాండా వైపు నలుబాలే అంటారు. 1858లో ఇక్కడికి వచ్చిన ఇంగ్లిష్ యాత్రికుడు జాన్ స్పీక్ తన రాణి పేరు పెట్టేసి వెళ్లాడు, ప్రపంచానికి ఆ పేరే మిగిలింది. చూడటానికి సముద్రంలా ఉన్నా లోతు తక్కువ, ఎక్కడ చూసినా 85 మీటర్లు దాటదు. అందులోకి వచ్చే నీటిలో చాలా భాగం నదులది కాదు, నేరుగా సరస్సు మీద పడే వానదే. లోతు తక్కువ కాబట్టి చుట్టుపక్కల నేలలో ఏం జరిగినా దాని ప్రభావం ఈ నీటి మీద త్వరగా కనిపిస్తుంది.

ఒకప్పుడు ఈ నీళ్ల నిండా సిచ్లిడ్ జాతి చిన్న చేపలు ఉండేవి. వాటిని టాంజానియాలో ఫురు అని, లువోలో ఫులు అని అంటారు. అరచేతిలో ఇమిడే ఈ చేపల్లో ఐదు వందలకు పైగా రకాలు ఉండేవని అంచనా. ఒక రకం రాళ్ల మీది నాచు గీక్కుని తినేది, ఒక రకం నత్తల గుల్లలు పగలగొట్టేది, మరో రకం ఇతర చేపల పొలుసులు పీక్కునేది. దాదాపు 15,000 ఏళ్ల కిందట సరస్సు పూర్తిగా ఎండిపోయి మళ్లీ నిండిందని అడుగున దొరికిన మట్టి పొరలు చెబుతున్నాయి. అంటే ఇన్ని రకాలూ ఆ తర్వాతే విడివడ్డాయన్న మాట. పరిణామ శాస్త్రం చదివేవాళ్లకు ఇంతకన్నా ఆశ్చర్యపరిచే ఉదాహరణ దొరకడం కష్టం.

ఒడ్డునున్న కుటుంబాలకు ఆ సంగతి అక్కర్లేదు. ఫురు అంటే వాళ్లకు అందుబాటులో ఉన్న కూర. తీరం దగ్గరే దొరికేది, చిన్న పడవో బుట్టో చాలు. ఎండలో రెండు మూడు రోజులు ఆరబెడితే నిల్వ ఉండేది, కట్టె అవసరం లేదు, ఐసు అవసరం లేదు. గంపలో పెట్టుకుని ఎంత దూరం నడవగలిగితే అంత దూరం తీసుకెళ్లి గింజలకు మార్చుకోవచ్చు. పట్టేది మగవాళ్లే అయినా పట్టిన తర్వాత పనంతా ఆడవాళ్ల చేతుల్లోనే ఉండేది. పెట్టుబడి తక్కువ కాబట్టి లాభమూ తక్కువే. కాకపోతే ఆ లాభం ఎవరి దగ్గరా చేయి చాచకుండా వచ్చేది.

మార్పు మొదలుపెట్టింది రైలు. మొంబాసా నుంచి బయల్దేరిన లైను 1901లో కిసుము చేరింది. దాన్ని వేయడానికి మన దేశం నుంచి, ముఖ్యంగా పంజాబ్ ప్రాంతం నుంచి, 30 వేల మందికి పైగా కూలీలను తీసుకెళ్లారు. వాళ్లలో దాదాపు రెండున్నర వేల మంది అక్కడే చనిపోయారు. రైలు వచ్చాక నైరోబీలో చేపకు గిరాకీ పుట్టింది. 1905 నాటికి ఐరోపా నుంచి వచ్చిన గిల్ నెట్లు, అంటే చేపను మొప్పల దగ్గర బిగించి పట్టే వలలు, సరస్సులో దిగాయి. స్థానికులు ఎంతో ఇష్టంగా తినే ఎన్‌గెగె అనే తిలాపియా రకం కొన్ని దశాబ్దాల్లోనే అరుదైపోయింది. నైలు పెర్చి రాకముందే సరస్సు ఆరోగ్యం దెబ్బతిందన్నది గుర్తుంచుకోవాలి. తర్వాత జరిగినదంతా ఆ ఒక్క చేప మీదే నెట్టేసే అలవాటు మనకు ఉంది కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

ఇక నైలు పెర్చి. మన గోదావరి జిల్లాల్లో పండగకు వండుకునే పండుగప్పకు ఇది దగ్గరి బంధువు, రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. పండుగప్ప ఎంత ఆశపోతో చెరువుల్లో పెంచేవాళ్లకు తెలుసు. పక్కనున్న చిన్న పండుగప్పను కూడా మింగేస్తుంది. నైలు పెర్చి ఆకారం అదే, సైజు మాత్రం వేరు. రెండు మీటర్ల దాకా, 200 కిలోల దాకా పెరగగలదు. నైలు నదిలో మర్చిసన్ జలపాతానికి దిగువన ఇది ఎప్పటి నుంచో ఉంది. జలపాతం అడ్డుగా ఉండబట్టి పైన ఉన్న విక్టోరియాలోకి రాలేకపోయింది. ఆ అడ్డును దాటించినవాళ్లు బ్రిటిష్ పాలనలోని మత్స్యశాఖ అధికారులు. ‘పనికిరాని’ చిన్న చేపలను తిని కండపట్టే పెద్ద చేప ఉంటే ఆదాయమూ వస్తుంది, గాలం వేసే దొరలకు సరదా తీరుతుందన్నది వాళ్ల లెక్క. జెఫ్రీ ఫ్రయర్ అనే శాస్త్రవేత్త ఇది ప్రమాదమని 1960లోనే రాసి పెట్టాడు. అప్పటికే 1950ల మధ్యలో ఉగాండా వైపు కొన్ని చేపలను గుట్టుచప్పుడు కాకుండా వదిలేశారు. 1960ల మొదట్లో ఆ పనిని అధికారికంగానే చేశారు.

దాదాపు ఇరవై ఏళ్లు పెద్దగా ఏమీ జరగలేదు. 1980లు వచ్చేసరికి నైలు పెర్చి ఒక్కసారిగా విజృంభించింది. అడుగు నీటి చేపల్లో బరువు లెక్కన 80 శాతం ఉన్న ఫురు జాతులు కొద్ది ఏళ్లలోనే ఒక్క శాతానికి పడిపోయాయి. 1970ల చివరి నుంచి టాంజానియా తీరంలోని మ్వాంజా దగ్గర సిచ్లిడ్లను లెక్కపెడుతూ వచ్చిన డచ్ పరిశోధకుల బృందం కళ్ల ముందే ఇదంతా జరిగింది. వాళ్లు పేరు పెట్టే లోపే కొన్ని రకాలు మాయమయ్యాయి. రెండు వందల రకాల దాకా కనుమరుగై ఉంటాయని అంచనా. అదే సమయంలో సరస్సు మొత్తం మీద పట్టిన చేప 1970ల్లో ఏటా లక్ష టన్నుల స్థాయి నుంచి 1990 నాటికి ఐదు లక్షల టన్నుల దాకా పెరిగింది. శాస్త్రవేత్తలు సర్వనాశనమని తల పట్టుకుంటుంటే ప్రభుత్వాలు పండగ చేసుకున్నాయి. వాళ్ల వాళ్ల లెక్క ప్రకారం రెండూ నిజమే.

ఫురు మాయం కావడంలో పెర్చి ఆకలితో పాటు నీటి రంగుకూ వాటా ఉంది. 1920ల నుంచే చుట్టూ అడవులు కొట్టి టీ, కాఫీ, పత్తి, చెరకు వేశారు. కొట్టుకొచ్చిన మట్టితో, పట్టణాల మురుగుతో నీటిలో నత్రజని, భాస్వరం పెరిగాయి. నాచు విరగబూసి, కుళ్లి, అడుగున ప్రాణవాయువు లేకుండా చేసింది. పైగా నీరు మసకబారింది. సిచ్లిడ్లలో ఆడచేప మగచేప రంగు చూసి జత కడుతుంది. నీరు తేటగా ఉన్నచోట ఎర్ర మగచేపను ఎంచుకునే ఆడచేపలు, నీలి మగచేపను ఎంచుకునే ఆడచేపలు వేర్వేరు జాతులుగా పక్కపక్కనే బతుకుతాయి. నీరు మసకైనచోట రంగు కనపడదు, రెండు జాతులూ కలిసిపోయి ఒక్కటైపోతాయి. జీవశాస్త్రవేత్త ఓలే సీహౌసన్ బృందం 1997లో దీన్ని ప్రచురించింది. ఏ పెద్ద చేపా మింగకుండానే ఒక జాతి లేకుండా పోవచ్చన్న మాట. ఇంకో విడ్డూరం ఏమిటంటే, కొత్త చేప స్వయంగా అడవి నరికివేతను పెంచింది. ఫురు ఎండకు ఆరేది. కొవ్వు నిండిన పెర్చిని నిల్వ చేయాలంటే పొగబెట్టాలి, లేదా దాని కొవ్వులోనే వేయించాలి. రెండింటికీ కట్టెలే కావాలి. కట్టె కోసం గుట్టలు బోడి అయ్యాయి, బోడి గుట్టల మట్టి మళ్లీ సరస్సులోకే వచ్చింది.

ఒడ్డున జరిగిన మార్పును లెక్కల్లో పట్టుకోవడం ఇంకా కష్టం. పెర్చి కోసం నడి సరస్సులోకి వెళ్లాలి. దానికి పెద్ద పడవ, మోటారు, పొడవాటి వలలు, పెట్రోలు కావాలి. పట్టిన చేప పాడవకుండా ఐసు కావాలి. ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఉంటుంది కాబట్టి ఐసుతో పాటు ఫ్యాక్టరీ ఏజెంటు వస్తాడు, అతనితో అప్పు వస్తుంది, అప్పుతో పాటు ‘చేప నాకే వేయాలి’ అన్న షరతు వస్తుంది. మన తీరంలో రొయ్య వ్యాపారం తెలిసినవాళ్లకు ఈ వరస కొత్త కాదు. 1980లు, 1990ల్లో కిసుము, మ్వాంజాల్లో, ఉగాండాలోని జింజా, ఎంటెబ్బేల్లో కండ కోసి ఎగుమతి చేసే ఫ్యాక్టరీలు వెలిశాయి. వేలమందికి ఉద్యోగాలు దొరికాయి. డాలర్లు వచ్చాయి. రేటును మాత్రం ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్లు నిర్ణయించారు. 1997లో సాల్మొనెల్లా పేరుతో, మరుసటి ఏడు కలరా భయంతో, 1999లో చేపలు పట్టడానికి పురుగుమందు కలుపుతున్నారన్న కారణంతో యూరప్ దిగుమతులు ఆపేసినప్పుడు రేవుల్లో ధర కుప్పకూలింది. దెబ్బ ముందు తగిలింది పడవ మీద రోజువాటాకు వెళ్లే కుర్రాళ్లకు.

పెద్ద చేప ఫ్యాక్టరీకి వెళ్లిపోయాక ఆడవాళ్లకు మూడు దార్లు మిగిలాయి. ఒకటి ఎముకల గూళ్లు, రెండోది ఫ్యాక్టరీ వద్దన్న చిన్న పెర్చి, మూడోది ఒమెనా అనే చిన్న చేప. ఈ మూడింటికీ పోటీ ఎక్కువ, సరుకు తక్కువ. తెల్లవారుజామున పడవ ఒడ్డుకు తగలగానే ఎవరికి చేప ఇవ్వాలో నిర్ణయించేది పడవ యజమానో, దాని మీది మనుషులో. కెన్యా తీరంలో జబోయా అని పిలిచే పద్ధతి ఇక్కడే పాతుకుపోయింది. ఒక జాలరి ఒక అమ్మకందారుకు ఖాయంగా చేప వేస్తాడు, ఆమె డబ్బుతో పాటు శరీరాన్ని కూడా ఇవ్వాలి. ఇందులో ఎక్కువగా చిక్కుకునేది వితంతువులు, ఒంటరిగా పిల్లల్ని పోషించేవాళ్లు. సరస్సును ఆనుకున్న హోమా బే, సియాయా, కిసుము జిల్లాల్లో హెచ్ఐవీ కెన్యా సగటుకన్నా చాలా ఎక్కువ ఉండటానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటి. ‘ఆ జాలర్ల నడవడి అలాంటిది’ అని కొట్టిపారేయడం సులువు. కానీ చేప పుష్కలంగా దొరికినప్పుడు ఈ బేరం బలహీనపడుతుంది, చేప తగ్గినప్పుడు గట్టిపడుతుంది. నీతి కన్నా కొరతే దీన్ని నడిపిస్తోంది.

అందుకే పరిష్కారం కూడా ఉపన్యాసాల నుంచి కాకుండా పడవ నుంచి మొదలైంది. కిసుముకు దక్షిణాన ఎన్‌దురు అనే రేవులో ఆడవాళ్లు ‘నో సెక్స్ ఫర్ ఫిష్’ పేరుతో జట్టు కట్టారు. బయటి నుంచి వచ్చిన సహాయ నిధులతో సొంతంగా పడవలు సంపాదించుకుని, మగవాళ్లను కూలికి పెట్టుకున్నారు. ఆడది పడవెక్కి వేటకు వెళ్లకూడదన్న పాత కట్టుబాటును తెంచే పని పెట్టుకోలేదు, పడవ ఎవరిదన్న దగ్గరే మార్చారు. కొన్నేళ్లు బాగానే నడిచింది. తర్వాత చెక్క పడవలు పాడయ్యాయి, మరమ్మతుకు డబ్బు చాలలేదు. 2020లో కురిసిన వానలకు సరస్సు మట్టం రికార్డు స్థాయికి చేరి ఆ ఊరినే ముంచేసింది. ఇలాంటి ప్రయత్నాల గురించి విజయగాథలు రాసేవాళ్లు పడవ ఆయుష్షు ఎన్నేళ్లో కూడా రాస్తే బాగుండేది.

ఒమెనా గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. టాంజానియాలో డగా, ఉగాండాలో ముకెనే అంటారు. వేలెడంత వెండి రంగు చేప. పెర్చి దెబ్బకు తట్టుకుని నిలబడ్డ స్థానిక జాతుల్లో ఇదే ముఖ్యమైనది, ఇప్పుడు సరస్సు పట్టులో బరువు లెక్కన అతి పెద్ద వాటా దీనిదే. చంద్రుడు లేని రాత్రుల్లో దీన్ని పడతారు. నీటి మీద తేలే దీపాలు వరసగా వదులుతారు. ఒకప్పుడు పెట్రోమాక్స్ లైట్లు, ఇప్పుడు ఎక్కువగా బ్యాటరీతో వెలిగే ఎల్ఈడీలు. వెలుగుకు పురుగులు మూగుతాయి, చేప పైకి వస్తుంది, చుట్టూ వల తిప్పుతారు. ఒడ్డు నుంచి చూస్తే సరస్సు మీద ఊరు వెలిసినట్టు ఉంటుంది. తెల్లారాక ఆడవాళ్లు ఇసుక మీదో పాత వలల మీదో పరిచి ఆరబెడతారు. మధ్యాహ్నానికి మబ్బు పడితే ఇక టెన్షనే. ఒక్క వాన కురిసిందంటే ఆ రోజు సరుకు మనుషుల తిండికి పనికిరాదు, సగం ధరకు కోళ్ల దాణాకు పోతుంది. తలతో సహా తినే చేప కాబట్టి కాల్షియం, ఇనుము పుష్కలం. పసిపిల్లల ఎదుగుదల మందగించిన ప్రాంతంలో ఇంత చవకైన పోషకాహారం మరొకటి లేదు. ఎండబెట్టడానికి ఎత్తయిన తట్టలు, పైన ప్లాస్టిక్ కప్పు వేస్తే నష్టం బాగా తగ్గుతుందని అందరికీ తెలుసు. పెర్చి ఎగుమతి కోసం లేబొరేటరీలు, కోల్డ్ స్టోరేజీలు పెట్టిన శ్రద్ధలో పావు వంతు ఈ తట్టల మీద కనపడదు.

సరస్సును కాపాడే చట్టాలకు కొదవ లేదు. మూడు దేశాలూ కలిసి 1994లో జింజా కేంద్రంగా ఒక మత్స్య సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. వల కన్ను ఇంత ఉండాలని, పెర్చి 50 సెంటీమీటర్ల కన్నా చిన్నదైనా, 85 కన్నా పెద్దదైనా పట్టకూడదని నిబంధన పెట్టారు. చిన్నవి ఎదగాలి, పెద్దవి గుడ్లు పెట్టాలి, లెక్క సరిగ్గానే ఉంది. మార్కెట్ లెక్క వేరు. పెర్చి పొట్టలో ఉండే గాలితిత్తికి చైనా, హాంకాంగ్‌లలో కండ కన్నా ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. చేప ఎంత పెద్దదైతే తిత్తి అంత పెద్దది. అంటే వదిలేయమని చట్టం చెప్పే చేపకే సంత అన్నిటికన్నా ఎక్కువ ఇస్తుంది. ఈ రెండింటి మధ్య నిలబడ్డ జాలరి ఏం చేస్తాడో ఊహించడానికి సర్వేలు అక్కర్లేదు.

2017లో ఉగాండా అధ్యక్షుడు ముసెవెని సరస్సు మీదికి సైన్యాన్ని దింపారు. 28 అడుగుల కన్నా పొట్టి పడవలను చట్టవిరుద్ధమని తగలబెట్టారు. ఆ తర్వాత చేపలు పెరిగాయి, ఎగుమతులు పెరిగాయి అని ప్రభుత్వం చెప్పుకుంది. అది నిజమే కావచ్చు. కొట్టారని, పడవ కాలిపోయి రోడ్డున పడ్డామని చెప్పినవాళ్లు కూడా తక్కువేమీ లేరు. పెద్ద పడవ కొనే స్తోమత ఉన్నవాడికి ఈ చట్టం ఇబ్బందే కాదు. చిన్న పడవవాడు వేరే పడవ మీద కూలీ అయ్యాడు. సంరక్షణ పేరుతో జరిగే పనుల్లో పేదవాడి పనిముట్టే ముందు నేరం కావడం ఆఫ్రికాలో అడవుల దగ్గరా చూశాం, ఇక్కడ నీటి మీదా అదే. మరోవైపు మిగింగో అనే బండరాతి దీవి ఉంది. విస్తీర్ణం అరెకరం అటూ ఇటూ. ఒకదాన్నొకటి ఆనుకున్న రేకుల గుడిసెల్లో వందలమంది జాలర్లు కిక్కిరిసి ఉంటారు. దాని చుట్టూ లోతైన నీటిలో ఇంకా పెర్చి దొరుకుతోంది కాబట్టి కెన్యా, ఉగాండా రెండూ అది తమదేనని ఏళ్ల తరబడి గొడవపడ్డాయి. కెన్యా వాటా ఆరు శాతం, ఆ దేశపు జాలర్ల పడవలు మాత్రం చేప ఎటుంటే అటు వెళ్లాల్సిందే.

గుర్రపు డెక్క సంగతి కొల్లేరు చూసినవాళ్లకు వర్ణించాల్సిన పని లేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన అదే మొక్క 1980ల చివర విక్టోరియాలో కనిపించింది, 1998 నాటికి వేల హెక్టార్లు కప్పేసి కిసుము రేవులో ఓడలు కదలకుండా చేసింది. దాన్ని మాత్రమే తినే ముక్కు పురుగులను తెచ్చి వదిలాక చాలావరకు తగ్గింది. మురుగు ఆగలేదు కాబట్టి ఇప్పటికీ విడతలు విడతలుగా తిరిగొస్తూనే ఉంది.

1990ల నుంచి పెర్చిని విపరీతంగా పట్టేయడంతో ఫురు రకాలు కొన్ని మళ్లీ కనిపిస్తున్నాయి. తిరిగొచ్చిన ఒక రకానికి మొప్పలు మునుపటి కన్నా పెద్దవయ్యాయి. ప్రాణవాయువు తగ్గిన నీటికి అది కొన్ని దశాబ్దాల్లోనే అలవాటుపడింది. పోయినవి అన్నీ రావు, వచ్చినవి మునుపటిలా లేవు. అయినా ఎవరూ ఊహించని సంగతే ఇది.

కిసుము సంతల్లో ఇప్పుడు చైనా నుంచి ఫ్రీజర్లలో వచ్చిన తిలాపియా కూడా అమ్ముతున్నారు, స్థానిక చేప కన్నా చవక. దానికి జవాబుగా కెన్యా తీరంలో పంజరాల్లో తిలాపియా పెంపకం ఊపందుకుంది. నీటిలో తేలే చదరపు వల గదులు, ఒక్కోదానిలో వేల పిల్లలు. పెట్టుబడి పెట్టగలిగినవాళ్లకు లాభం బాగానే ఉంది. ఇన్నాళ్లూ అందరిదీ అయిన నీటిలో గడులు కట్టుకున్నట్టు పంజరాలు వెలుస్తుంటే పడవలు తిరిగే దారీ, చేపలు గుడ్లు పెట్టే ఒడ్డూ తగ్గుతున్నాయి. 2022 చివర్లో అడుగున ఉన్న ప్రాణవాయువు లేని నీరు పైకి తన్నుకొచ్చి పంజరాల్లోని చేపలు కుప్పలుగా చచ్చిపోయాయి. వాటి మీద బ్యాంకు అప్పులు తెచ్చినవాళ్లు నిలువునా మునిగారు. ఇక పంజరం చేపకు దాణా కావాలి, దాణాలో మాంసకృత్తుల కోసం ఒమెనా కలుపుతారు. కోళ్ల ఫారాలకు పోగా మిగిలిన ఒమెనా కోసం ఇప్పుడు దాణా మిల్లులు కూడా రేవుకు లారీలు పంపిస్తున్నాయి. ఇసుక మీద చేప ఆరబెట్టే ఆడవాళ్లు కిలోకు ఎంత పెట్టగలరు, మిల్లు ఎంత పెట్టగలదు అన్న బేరం రోజూ తెల్లవారుజామునే తేలిపోతోంది.